33 కేవీ భూగర్భ కేబుల్‌ను చార్జ్ చేసే ముందు డీసీ పరీక్షా, వీఎల్‌ఎఫ్ పరీక్షా?

సైట్ ఇంజినీర్, విశాఖపట్నం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖ శివార్లలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కర్మాగారానికి సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ భూగర్భ కేబుల్ వేసే పనిలో, కాంట్రాక్టరు తరఫున సైట్ ఇంజినీరుగా ఉన్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు స్తంభాలూ తీగలూ నేలకూలిన తీరు చూసినవారు కాబట్టి, ఖర్చు ఎక్కువైనా సరే కేబుల్ భూమిలోనే ఉండాలని కర్మాగారం వారు పట్టుబట్టారు. కేబుల్ మూడు కోర్లది, 400 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కండక్టరు, ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథిలీన్ ప్లాస్టిక్) ఇన్సులేషన్, ఆర్మర్ (లోహపు కవచం) ఉన్నది. మొత్తం పొడవు 3.2 కిలోమీటర్లు, ఎనిమిది డ్రమ్ములు, మధ్యలో ఏడు స్ట్రెయిట్ జాయింట్లు, రెండు చివరలా అవుట్‌డోర్ టెర్మినేషన్లు. ట్రెంచి పూడ్చడం పూర్తయింది.

ఇప్పుడు చార్జింగ్‌కు (కేబుల్‌కు తొలిసారి కరెంటు ఇవ్వడానికి) ముందు చేయవలసిన పరీక్ష దగ్గర ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. కన్సల్టెంట్ ఇచ్చిన పత్రంలో 76 కేవీ డీసీ 15 నిమిషాలు అని ఉంది. టెస్టింగ్ ఏజెన్సీ వారు తమ దగ్గర వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ) సెట్ ఉందని, ఎక్స్‌ఎల్‌పీఈకి డీసీ మంచిది కాదని అంటున్నారు. వారి సెట్ మీద 60 కేవీ అని రాసి ఉంది. తేదీ దగ్గర పడుతున్నందువల్ల మా పై అధికారి మాత్రం మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్సు కొలిచే మీటరు) విలువలు బాగుంటే చార్జ్ చేసేద్దామంటున్నారు.

5 కేవీ మెగ్గర్‌తో నిన్న ఉదయం తీసిన విలువలు ఇవి: ఆర్ ఫేజు 4.2 గిగా ఓములు, వై ఫేజు 3.9 గిగా ఓములు, బీ ఫేజు 350 మెగా ఓములు. బీ ఫేజు ఇంత తక్కువగా ఎందుకు ఉంది? డీసీ, వీఎల్‌ఎఫ్‌లలో ఏది చేయించాలి? సమయం కలిసివస్తుంది కాబట్టి మూడు ఫేజులనూ కలిపి ఒకేసారి పరీక్షించవచ్చా? అనుభవం ఉన్న పెద్దలు కారణాలతో సహా చెబితే, రేపటి సమావేశంలో నేను నా మాట నిలబెట్టుకోగలను.


విశ్రాంత ఇంజినీరు (టెస్టింగ్ విభాగం), హైదరాబాద్

మీరు పరీక్షించబోతున్నది కేబుల్ తయారీని అనుకుంటే మొదట్లోనే దారి తప్పుతాము. తయారీ పరీక్ష ఫ్యాక్టరీలో జరిగిపోయింది. పని చేసే వోల్టేజికి కొన్ని రెట్లు పెట్టి, పార్షియల్ డిశ్చార్జి (ఇన్సులేషన్ లోపాల్లో పుట్టే చిన్న విద్యుత్ మెరుపులు) కొలిచి, ప్రతి డ్రమ్ముకూ ధ్రువపత్రం ఇచ్చాకే అది మీ దగ్గరకు వచ్చింది. ఆ తర్వాత డ్రమ్ము లారీ దిగింది, రోలర్ల మీద కేబుల్ లాగారు, రాళ్లున్న మట్టితో పూడ్చారు, వాననీరు చేరిన గుంటలో కూర్చుని ఎవరో జాయింట్లు వేశారు. సైట్‌లో మనం వెతకవలసిన తప్పులు ఈ దశలో జరిగినవే, వాటిలోనూ ఎక్కువ భాగం జాయింట్లలో, టెర్మినేషన్లలో ఉంటాయి. ఏ పరీక్ష మంచిదన్న ప్రశ్నను, ఏ పరీక్ష ఆ తప్పులను బయటపెడుతుందన్న ప్రశ్నగా మార్చుకుంటే జవాబు సులువుగా దొరుకుతుంది.

డీసీ పరీక్ష కాగితపు ఇన్సులేషన్, సీసపు తొడుగు ఉన్న పాత కేబుళ్ల కాలం నాటిది. వాటికి అది బాగానే పనిచేసింది, ఏసీ సెట్‌తో పోలిస్తే డీసీ సెట్ చిన్నది, తేలిక. ఎక్స్‌ఎల్‌పీఈ వచ్చాక కూడా ఆ అలవాటే పత్రం నుంచి పత్రానికి నకలవుతూ వచ్చింది. మీ కన్సల్టెంట్ రాసిన 76 కేవీ ఎక్కడిదంటే, ఫేజుకూ నేలకూ మధ్య ఉండే వోల్టేజి (దీనినే యూ-నాట్ అంటాము) 33 కేవీ వ్యవస్థలో 19 కేవీ, దానికి నాలుగు రెట్లు 76. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 60502-2 ప్రమాణం 2005 కూర్పులో ఈ డీసీ ప్రత్యామ్నాయం ఉంది, అయితే దాని కిందే డీసీ పరీక్ష ఇన్సులేషన్‌కు హాని చేయవచ్చన్న హెచ్చరిక కూడా ఉంది. పత్రాలు రాసేవారు సంఖ్యను తీసుకుని హెచ్చరికను వదిలేశారు.

అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. కేబుల్ పనిచేసేటప్పుడు, అంటే ఏసీలో, లోపలి విద్యుత్ ఒత్తిడి పదార్థాల పర్మిటివిటీని (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే గుణాన్ని) బట్టి పంచుకోబడుతుంది. డీసీలో అది రెసిస్టివిటీని (కరెంటును అడ్డుకునే గుణాన్ని) బట్టి పంచుకోబడుతుంది. జాయింట్‌లో ఎక్స్‌ఎల్‌పీఈ, రబ్బరు, గ్రీజు, స్ట్రెస్ కంట్రోల్ గొట్టం అన్నీ పక్కపక్కన ఉంటాయి కాబట్టి, డీసీ ఇచ్చినప్పుడు ఒత్తిడి పడే చోటు వేరు, రేపు చార్జ్ చేశాక పడే చోటు వేరు. కత్తి గాటు ఉన్న జాయింట్, గాలిబుడగ ఉన్న జాయింట్ డీసీలో నిశ్చింతగా నెగ్గి, చార్జ్ చేసిన కొన్ని వారాలకే పేలిపోవడం ఇందువల్లే. దీనికి తోడు ఎక్స్‌ఎల్‌పీఈ తనలో విద్యుదావేశాన్ని పట్టి ఉంచుకుంటుంది, ఎర్త్ చేసినా అది త్వరగా వదలదు, ఆ స్థితిలో ఏసీ ఇస్తే ఏసీ ఒత్తిడికి ఆ ఆవేశపు ఒత్తిడి తోడవుతుంది. 1990ల్లో అమెరికాలోని ఈపీఆర్‌ఐ సంస్థ జరిపిన పరిశోధనల్లో, ఏళ్ల తరబడి నేలలో ఉండి వాటర్ ట్రీలు (తేమ వల్ల ఇన్సులేషన్‌లో చెట్టు కొమ్మల్లా పెరిగే లోపాలు) పట్టిన కేబుళ్లకు డీసీ పరీక్ష చేస్తే మిగిలిన ఆయుష్షు తగ్గుతుందని తేలింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి: కొత్త కేబుల్‌కు ఒక్కసారి చేసిన డీసీ పరీక్ష వల్ల అంత నష్టం కనిపించలేదు. కాబట్టి మీ కొత్త కేబుల్ విషయంలో డీసీ మీద నా ప్రధాన అభ్యంతరం, అది మనం వెతుకుతున్న తప్పును చూపించదని.

ఇక వీఎల్‌ఎఫ్ ఎందుకో లెక్కలో చూడండి. మీ కేబుల్ కెపాసిటెన్సు కిలోమీటరుకు సుమారు 0.25 మైక్రోఫారడ్ అనుకుంటే, 3.2 కిలోమీటర్లకు ఒక్కో ఫేజుకు 0.8 మైక్రోఫారడ్ అవుతుంది. 57 కేవీ వద్ద 50 హెర్ట్జ్‌తో పరీక్షించాలంటే 14 ఆంపియర్లకు పైగా చార్జింగ్ కరెంటు, అంటే 800 కేవీఏకు మించిన సెట్ కావాలి. దాన్ని లారీ మీద తేవాలి. అదే వోల్టేజిని 0.1 హెర్ట్జ్ వద్ద ఇస్తే కరెంటు ఐదు వందల రెట్లు తగ్గి 29 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది, 1.6 కేవీఏ సరిపోతుంది. ఐదు సెకన్లకు ఒకసారి దిశ మారుతుంది కాబట్టి ఆవేశం పేరుకుపోదు, ఒత్తిడి కూడా ఏసీలో ఉన్నట్టే పంచుకోబడుతుంది. అదే ఐఈసీ ప్రమాణం 2014 కూర్పులో ఈ 0.1 హెర్ట్జ్ పరీక్షను మూడు యూ-నాట్ల వద్ద, అంటే 57 కేవీ వద్ద, 15 నిమిషాలకు చెప్పారు.

ఇక్కడే మీరు జాగ్రత్త పడవలసిన చోటు ఉంది. ఆ 57 కేవీ ఆర్‌ఎంఎస్ విలువ, అంటే తరంగపు ప్రభావ విలువ. సైన్ తరంగం ఇచ్చే సెట్‌లో దాని శిఖరం సుమారు 81 కేవీ. ఏజెన్సీ వారి సెట్ మీద ఉన్న 60 కేవీ శిఖర విలువ అయితే దాని ఆర్‌ఎంఎస్ 42 కేవీ మాత్రమే, అంటే మీ కేబుల్‌కు 2.2 యూ-నాట్లు మాత్రమే అందుతాయి. తరంగం చతురస్రాకారంలో ఉండే రకం సెట్ అయితే శిఖరమూ ఆర్‌ఎంఎస్సూ దాదాపు ఒకటే, అప్పుడు 60 సరిపోతుంది. సెట్ నేమ్‌ప్లేట్ ఫోటో తెప్పించుకుని, తరంగం ఏ రకమో, 0.1 హెర్ట్జ్ వద్ద ఎన్ని మైక్రోఫారడ్ల వరకు మోయగలదో రాతపూర్వకంగా తీసుకోండి. కెపాసిటెన్సు ఎక్కువైతే ఆ సెట్లు ఫ్రీక్వెన్సీని తామే తగ్గించుకుంటాయి.

వ్యవధి విషయంలో 15 నిమిషాలతో సరిపెట్టుకోవద్దని నా సలహా. 0.1 హెర్ట్జ్‌లో 15 నిమిషాలంటే 90 ఆవృత్తాలు, 50 హెర్ట్జ్‌లో అది రెండు సెకన్ల లోపు. తప్పు దగ్గర మొదలైన ఎలక్ట్రికల్ ట్రీ (ఇన్సులేషన్‌ను కాలుస్తూ కొమ్మల్లా పాకే దారి), 8.8 మిల్లీమీటర్ల ఇన్సులేషన్‌ను దాటి మనకు కనిపించేంత వరకు పెరగడానికి సమయం ఇవ్వాలి. కొత్త కేబుల్‌కు 60 నిమిషాలు పెట్టండి. మూడు ఫేజులనూ కలపవద్దు. కలిపితే కెపాసిటెన్సు 2.4 మైక్రోఫారడ్లకు చేరుతుంది, ఒకటి పోతే ఏది పోయిందో మళ్లీ వెతకాలి. ఒక ఫేజుకు వోల్టేజి ఇస్తున్నప్పుడు మిగిలిన రెండు ఫేజులనూ, అన్ని కాపర్ స్క్రీన్లనూ, ఆర్మర్‌నూ ఎర్త్ చేసి ఉంచాలి. లైట్నింగ్ అరెస్టర్లు, పీటీలు (వోల్టేజి కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు), బ్రేకరు వైపు జంపర్లు రెండు చివరలా విప్పి ఉండాలి.

బీ ఫేజు విలువ గురించి: ఉదయం తీశారన్నారు, సముద్రం దగ్గర అన్నారు. మంచుతో తడిసిన ఉప్పు పొర టెర్మినేషన్ మీద ఉంటే ఇంతే వస్తుంది. సాల్వెంట్‌తో తుడిచి, ఎండ ఎక్కాక, మెగ్గర్ గార్డ్ టెర్మినల్‌ను (ఉపరితల లీకేజీని లెక్కలోకి రానివ్వనిది) టెర్మినేషన్ మీద చుట్టిన రాగి తీగకు కలిపి మళ్లీ తీయండి. విలువ పెరిగితే తప్పు ఉపరితలానిది.

చివరగా, 81 కేవీ శిఖరం వద్ద మీ కేబుల్‌లో 2,600 జౌళ్ల శక్తి నిలిచి ఉంటుంది, మనిషిని చంపడానికి అది చాలా ఎక్కువ. అవతలి చివర తాడు కట్టి, మనిషిని కాపలా ఉంచి, ఫోన్లో మాట్లాడిన తర్వాతే వోల్టేజి పెంచండి. పరీక్ష అయ్యాక ముందు రెసిస్టరు ఉన్న డిశ్చార్జి రాడ్‌తో, తర్వాత నేరుగా ఎర్త్ చేసి, ఆ ఎర్త్ ఉండగానే లీడ్లు విప్పండి.


కేబుల్ జాయింటర్, గాజువాక

నేను ఇంజినీరును కాను, ఇరవై రెండేళ్లుగా జాయింట్లు వేస్తున్నాను. పైన పెద్దవారు చెప్పిన దానిలో జాయింట్ల గురించిన మాట అక్షరాలా నిజం, అందుకే జాయింట్ లోపల ఏం జరుగుతుందో పని చేసే మనిషిగా చెబుతాను.

33 కేవీ కోరు మీద ఇన్సులేషన్‌కు అంటుకుని నల్లటి సెమీకండక్టింగ్ పొర ఉంటుంది. జాయింట్ వేసేటప్పుడు ఆ పొరను కొంత దూరం వరకు గీకి తీసేయాలి, తీసిన చోట అంచు గుండ్రంగా, నున్నగా, మెట్టు లేకుండా తేలాలి. దీనికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది. అది లేక, లేదా తొందరలో, మామూలు కత్తితో చుట్టూ గాటు పెట్టి ఒలిచేవారు ఉన్నారు. కత్తి అర మిల్లీమీటరు లోపలికి దిగినా తెల్లటి ఇన్సులేషన్ మీద గీత పడుతుంది. గాజు కాగితంతో రుద్ది ఆ గీత పోయేలా చేయాలి, ఆపైన కిట్‌లో ఇచ్చిన తడి గుడ్డతో కండక్టరు వైపు నుంచి నల్ల పొర వైపుకే తుడవాలి. ఎదురు దిశలో తుడిస్తే నల్ల పొడి తెల్లటి ఇన్సులేషన్ మీదికి వచ్చి కూర్చుంటుంది, కంటికి కనిపించదు. ఇవన్నీ పాటించిన జాయింట్‌కూ పాటించని జాయింట్‌కూ పైన ట్యూబు వేసి వేడి చేశాక తేడా ఏ ఇంజినీరూ చూసి చెప్పలేరు. మెగ్గర్ కూడా చెప్పదు, గాటు పడినా మిగిలిన ఇన్సులేషన్ 5 కేవీని తేలికగా ఆపుతుంది.

మీరు ట్రెంచి పూడ్చేశారు కాబట్టి ఇప్పుడు చేయగలిగినది ఒక్కటే. ఏ జాయింట్ ఎవరు వేశారు, ఏ రోజు వేశారు, ఆ రోజు వాన ఉందా, గుంటలో నీరు తోడారా అన్నది ఇప్పుడే రాసి పెట్టుకోండి. ప్రతి జాయింట్ సబ్‌స్టేషన్ నుంచి ఎన్ని మీటర్ల దగ్గర ఉందో కొలిచి, పైన రాయి పాతించండి. పరీక్షలో ఏదైనా పోతే ఆ కాగితం మీకు రెండు రోజుల తవ్వకం తప్పిస్తుంది. తర్వాతి పనిలోనైనా ప్రతి డ్రమ్మునూ లాగి పూడ్చాక, జాయింట్ వేయక ముందే విడిగా మెగ్గర్ చేయించండి, చివరలకు టోపీలు తొడిగే ఉంచండి. టోపీ లేని కేబుల్ చివర వాన గుంటలో ఒక్క రాత్రి ఉన్నా కండక్టరు పోగుల మధ్యకు నీరు ఎంత దూరమైనా పాకుతుంది.


అసిస్టెంట్ ఇంజినీర్, గోదావరి జిల్లాలు

పైన రాసినవన్నీ సరైనవే, కాదనను. అయితే క్షేత్రంలో ఉన్నవారి ఇబ్బంది కూడా చెప్పాలి. వీఎల్‌ఎఫ్ సెట్ అడిగిన రోజున దొరకదు, వచ్చేసరికి లైన్ క్లియర్ (లైను ఆపి పనిచేసుకునే అనుమతి) దొరకదు. మేము చాలా ఫీడర్లకు మెగ్గర్ తీసి, విద్యుత్ ఇన్‌స్పెక్టర్ అనుమతి వచ్చాక, లోడు లేకుండా 24 గంటలు చార్జ్‌లో ఉంచి, ఆ తర్వాత లోడు ఇస్తున్నాము. యూ-నాట్ వద్ద 24 గంటలు ఉంచే పరీక్షను ఐఈసీ కూడా ఒప్పుకున్నది కదా. అది పరీక్ష కిందికి రాదంటే ఎలా?


విశ్రాంత ఇంజినీరు (టెస్టింగ్ విభాగం), హైదరాబాద్

ఏఈ గారూ, మీ ఇబ్బంది నాకు తెలుసు, నేనూ ఆ రోజులు గడిపాను. ఐఈసీ ఒప్పుకున్న మాట కూడా నిజమే. ఆ పరీక్షకు రెండు లోపాలున్నాయని మాత్రం గుర్తుంచుకుందాము. మొదటిది, అది ఇచ్చే ఒత్తిడి రోజూ ఉండేదే కాబట్టి, రేపు తుపానులో ఒక ఫేజు నేల తగిలి మిగిలిన రెండు ఫేజుల వోల్టేజి పెరిగినప్పుడు కేబుల్ నిలుస్తుందో లేదో అది చెప్పదు. రెండవది, నా దృష్టిలో ఇదే ముఖ్యం: వీఎల్‌ఎఫ్ సెట్ కింద జాయింట్ పోతే సెట్ ట్రిప్పవుతుంది, జాయింట్‌లో చిన్న కాలిన రంధ్రం మిగులుతుంది, తప్పు ఎందుకు జరిగిందో విప్పి చూడవచ్చు. గ్రిడ్ మీద పోతే కొన్ని వేల ఆంపియర్లు ఆ చోటులోకి దూకుతాయి, జాయింట్ ముక్కలైపోతుంది, పక్కన మనిషి ఉంటే ప్రాణం పోతుంది, కారణం కూడా కాలిపోతుంది. వేరే దారి లేక అలాగే చార్జ్ చేయవలసివస్తే, ఎర్త్ ఫాల్ట్ రిలే సెట్టింగు తగ్గించి, ఆటో రీక్లోజ్ (ట్రిప్పయ్యాక బ్రేకరు తానే మళ్లీ కలిసే ఏర్పాటు) తీసేసి, మార్గం మీద ఎవరూ లేకుండా చూసి చేయండి.


కమిషనింగ్ ఇంజినీర్, దోహా

నేను ఇక్కడ 132 కేవీ, 220 కేవీ కేబుళ్ల మీద పనిచేస్తాను. వోల్టేజి పెరిగాక ఈ చర్చ ఎటు మారుతుందో చెబితే ప్రశ్న వేసిన మిత్రుడికి ఉపయోగపడవచ్చు.

ఇక్కడ డీసీ అన్న మాటే ఇన్సులేషన్ విషయంలో ఎవరూ ఎత్తరు. ఐఈసీ 60840 ప్రకారం 132 కేవీ కేబుల్‌కు ఫ్యాక్టరీలో 190 కేవీ 30 నిమిషాలు ఇస్తారు, వేశాక సైట్‌లో 132 కేవీని ఫేజుకూ నేలకూ మధ్య ఒక గంట ఇస్తారు. 220 కేవీకి ఐఈసీ 62067 ప్రకారం అది 180 కేవీ. ఫ్రీక్వెన్సీ 20 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఎంతైనా ఉండవచ్చు. ఈ వెసులుబాటు వల్లే రెజొనెన్స్ (అనునాద) సెట్లు సాధ్యమయ్యాయి. ఒక ఉదాహరణ లెక్క చూడండి. 5 కిలోమీటర్ల కేబుల్ కెపాసిటెన్సు ఒక మైక్రోఫారడ్, సెట్‌లోని రియాక్టరు 16 హెన్రీలు అనుకుంటే, రెండూ 40 హెర్ట్జ్ దగ్గర అనునాదంలోకి వస్తాయి. అక్కడ 132 కేవీకి కేబుల్ 33 ఆంపియర్లు లాగుతుంది, అంటే 4,300 కేవీఏకు పైనే. కానీ ఆ శక్తి రియాక్టరుకూ కేబుల్‌కూ మధ్య ఊగుతూ ఉంటుంది, నాణ్యత గుణకం (ఊగే శక్తికీ నష్టానికీ ఉన్న నిష్పత్తి) 100 ఉంటే జనరేటరు నష్టాలకు ఇవ్వవలసింది 44 కిలోవాట్లే. రెండవ మేలు ఏమిటంటే, ఇన్సులేషన్ తెగిన క్షణంలో అనునాదం పోతుంది కాబట్టి వోల్టేజి తానే కూలిపోతుంది, తప్పు దగ్గర పెద్ద నష్టం జరగదు. ఆ గంటసేపూ ప్రతి జాయింట్ దగ్గరా పార్షియల్ డిశ్చార్జి సెన్సార్లు పెట్టి వింటూ ఉంటాము.

డీసీకి ఇంకా నిజమైన పని మిగిలి ఉన్న చోటు పై షీత్, అంటే కేబుల్ బయటి ప్లాస్టిక్ తొడుగు. ఐఈసీ 60229 ప్రకారం షీత్ మందం ఒక్కో మిల్లీమీటరుకు 4 కేవీ చొప్పున, 10 కేవీకి మించకుండా, ఒక నిమిషం ఇస్తాము. షీత్ మీద గ్రాఫైట్ పూత లేదా వాహక పొర ఉంటేనే ఈ పరీక్షకు అర్థం, లేకపోతే పొడి ఇసుకలో రంధ్రం ఉన్నా కనిపించదు. పరీక్షకు ముందు లింక్ బాక్సుల్లో షీత్ వోల్టేజి లిమిటర్లు విప్పాలి, అయ్యాక మరిచిపోకుండా తిరిగి బిగించాలి, క్రాస్ బాండింగ్ (మూడు ఫేజుల లోహపు తొడుగులను ఒకదానితో ఒకటి మార్చి కలిపే పద్ధతి) వరుస సరిచూడాలి. ఒకసారి పూడ్చిన వారం తర్వాత చేసిన షీత్ పరీక్షలో ఒక సెక్షన్ నిలవలేదు. నేల మీద రెండు మేకులు గుచ్చి వోల్టేజి వాలు చూస్తూ పోయి తవ్వితే, పక్క గుత్తేదారు మనుషులు గునపంతో వేసిన పోటు కనిపించింది. ఇన్సులేషన్ పరీక్షలో అది ఎన్నటికీ బయటపడేది కాదు, నీరు చేరి రెండు మూడేళ్లకు కేబుల్ పోయేది.

మీది మూడు కోర్ల ఆర్మర్ కేబుల్ కాబట్టి అంత హంగు లేకపోయినా, రెండు చివరలా ఆర్మర్ ఎర్తు విప్పి, ఆర్మర్‌కూ నేలకూ మధ్య మెగ్గర్ తీశారా? ఉప్పు నీరున్న నేలలో ఈ ఒక్క విలువ చాలా సంగతులు చెబుతుంది. విలువ తక్కువ వస్తే, హెచ్‌వీ (హై వోల్టేజి) పరీక్షకు ముందే దాని సంగతి చూడండి.


సైట్ ఇంజినీర్, విశాఖపట్నం

అందరికీ కృతజ్ఞతలు. పన్నెండు రోజులుగా రాయలేకపోయాను, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

సమావేశంలో ఇక్కడి లెక్కలే వివరించాను. 14 ఆంపియర్లు, 29 మిల్లీ ఆంపియర్ల పోలిక చూశాక కన్సల్టెంట్ పత్రంలో మార్పుకు ఒప్పుకున్నారు. ఏజెన్సీ వారి 60 కేవీ సెట్ సైన్ తరంగానిదే, ఆ 60 శిఖర విలువే. అందుకే దాన్ని వెనక్కు పంపి పెద్ద సెట్ తెప్పించాము, దానికే నాలుగు రోజులు పట్టింది. ఆర్మర్‌కూ నేలకూ మధ్య మెగ్గర్ తీశాము, విలువ బాగుంది. బీ ఫేజు టెర్మినేషన్లు తుడిచి, మధ్యాహ్నం గార్డ్ తీగతో తీస్తే 350 మెగా ఓముల నుంచి 3.7 గిగా ఓములకు చేరింది. కండక్టరు రెసిస్టెన్సు లూప్‌లో కొలిచి ఒక్కో కోరుకు 0.264 ఓములు అని తేల్చాము. ఆ సైజు అల్యూమినియంకు 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు 0.0778 ఓములు ఉండాలి, 35 డిగ్రీలకు సరిచేస్తే సరిగ్గా అంతే వచ్చింది కాబట్టి జాయింట్లలో కండక్టర్లను కలిపే ఫెర్రూళ్ల క్రింపింగ్‌లో (నొక్కి బిగించడంలో) పెద్ద లోపం లేదని ధైర్యం కలిగింది.

ఆర్ ఫేజు 57 కేవీ వద్ద గంటసేపు నిలిచింది. నేను అనుమానించిన బీ ఫేజు కూడా నిలిచింది. మెగ్గర్‌లో ఏ లోపమూ చూపని వై ఫేజు ఇరవై రెండవ నిమిషంలో పోయింది. 15 నిమిషాలకు ఆపి ఉంటే అది నెగ్గినట్టే రాసుకునేవాళ్లం. వెంటనే మళ్లీ మెగ్గర్ తీస్తే అప్పటికీ 2 గిగా ఓములు చూపించింది, నమ్మలేకపోయాను. థంపర్‌తో (కేబుల్‌లోకి వోల్టేజి దెబ్బలు పంపే యంత్రం) ఆర్క్ రగిలించి, అదే సమయంలో టీడీఆర్ (పల్సు పంపి తప్పు దూరం చూపే పరికరం) చూస్తే తిరుగు పల్సు 23 మైక్రోసెకన్లకు వచ్చింది, మైక్రోసెకనుకు 170 మీటర్ల వేగంతో, రానూపోనూ దూరంలో సగం తీసుకుంటే, అది 1,955 మీటర్లు. జాయింటర్ గారు చెప్పినట్టు దూరాల పట్టిక రాసి పెట్టుకున్నాము కాబట్టి ఐదవ జాయింట్ 1,968 మీటర్ల దగ్గర ఉందని వెంటనే తెలిసింది. నేల మీద చెవి పెడితే దెబ్బ వినిపించింది, ఒక్క గుంటతో పని అయిపోయింది.

జాయింట్ విప్పినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. నల్ల పొర ఆగిన అంచు దగ్గర, చుట్టూ సగం దూరం వరకు, సన్నటి కత్తి గాటు ఉంది. అందులో ఒక చోటి నుంచి పెన్సిల్ మొన అంత నల్లటి రంధ్రం కండక్టరు దాకా వెళ్లింది. ఆ జాయింట్ వేసిన రోజు వాన, చీకటి పడుతుండగా పూర్తి చేశారు, ఆ రోజు తొందర పెట్టినవారిలో నేనూ ఉన్నాను. ఆ భాగం కోసి, చిన్న ముక్క కలిపి, రెండు కొత్త జాయింట్లు వేయించి, వై ఫేజుతో పాటు మిగిలిన రెంటికీ మళ్లీ పూర్తి గంట పరీక్ష చేయించాము. మూడూ నిలిచాయి. ఎల్లుండి చార్జింగ్, ఇంకా ఏమైనా చూసుకోవాలా?


విశ్రాంత ఇంజినీరు (టెస్టింగ్ విభాగం), హైదరాబాద్

చాలా సంతోషం. తొందర పెట్టిన విషయం దాచకుండా రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది.

చార్జింగ్‌కు ముందు ఫేజింగ్ తప్పక చూడండి. మధ్యలో కేబుల్ కోసి ముక్క కలిపారు కాబట్టి కోర్ల వరుస మారే అవకాశం ఇప్పుడే ఎక్కువ. అవతల ఒక్కో కోరునే ఎర్త్ చేయిస్తూ ఇవతల మెగ్గర్‌తో చూస్తే తేలిపోతుంది, వరుస తప్పితే కర్మాగారంలోని మోటార్లు వెనక్కు తిరుగుతాయి. విప్పిన జంపర్లు, అరెస్టర్లు, ఆర్మర్ ఎర్తులు అన్నీ తిరిగి బిగించారో లేదో చేతితో పట్టుకుని చూడండి, ఆపైన ఎర్త్ రాడ్లన్నీ లెక్క పెట్టి తీయించి, అప్పుడే ఎల్‌సీ (లైన్ క్లియర్) వెనక్కు ఇవ్వండి. హెచ్‌వీ పరీక్ష తర్వాత తీసిన మెగ్గర్ విలువలు, వాటి పక్కన ఆ నాటి ఉష్ణోగ్రత, ఫేజు వారీగా టీడీఆర్ చిత్రాలు, మార్చిన జాయింట్ల దూరాల పట్టిక కర్మాగారం నిర్వహణ విభాగానికి ఒక ప్రతి, సబ్‌స్టేషన్‌కు ఒక ప్రతి ఇవ్వండి. వీలైతే ఆ ఏజెన్సీ సెట్ అక్కడ ఉండగానే టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో జరిగే నష్టాల కొలత) కూడా అర యూ-నాట్, ఒక యూ-నాట్, ఒకటిన్నర యూ-నాట్ల వద్ద కొలిపించండి. కొత్త కేబుల్‌కు ఆ మూడు విలువలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి, ఐదేళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి ఈనాటి అంకెలే ఆధారం.